షింకావా సందులనుండి సముద్రము దాటిన విద్యార్థి

సంఘసేవాశాస్త్రము చదువు మన యువతీయువకులలో అనేకులు నేడు విదేశములకు పోవుచున్నారు. కొందరు విద్యార్థివేతనములమీద, కొందరు తలిదండ్రులు చేసిన అప్పులమీద, మరికొందరు సంఘకాపరులు వ్రాసి యిచ్చిన సిఫారసు ఉత్తరములమీద విమానమెక్కుచున్నారు. ఆరాధన ముగిసిన పిమ్మట వారిని ముందునకు పిలిచి, తలమీద చేతులుంచి ప్రార్థించి పంపు పెద్దల మనస్సులో ఒక ప్రశ్న మెదలుచుండును. వీరు అక్కడ నేర్చుకొనునది ఇక్కడి పేదవాని గుమ్మమునకు ఏ విధముగా చేరును? ఆ ప్రశ్నకు తన బ్రదుకుతో జవాబు వ్రాసినవాడు టొయోహికో కగావా. 1914 ఆగస్టులో ఆయన జపాను విడిచి అమెరికాకు ఓడ యెక్కినప్పుడు ఆయన వయస్సు 26 ఏండ్లు. ఊపిరితిత్తులలో క్షయ, కన్నులలో ట్రకోమా అను అంటువ్యాధి. ఆయన ఖాళీచేసి వచ్చినది కళాశాల వసతిగృహము కాదు. దాదాపు అయిదేండ్లు కాపురమున్న మురికివాడ.

కగావా 1888 జూలై 10వ తేదీన కోబే నగరములో జన్మించెను. తండ్రి ధనికుడు; ప్రభుత్వోద్యోగములు చేసి తరువాత ఓడరవాణా వ్యాపారములో ప్రవేశించినవాడు. తల్లి ఆటపాటల వృత్తినుండి వచ్చిన గెయిషా. ఆయనకు ధర్మపత్ని కాదు. బాలునికి అయిదేండ్లు నిండకముందే తలిదండ్రులిద్దరును కొద్ది నెలల యెడముతో గతించిరి. అతనిని షికోకు ద్వీపములో టొకుషిమా ప్రాంతముననున్న తండ్రి పూర్వుల యింటికి పంపిరి. అక్కడ తండ్రి ధర్మపత్నియు నాయనమ్మయు ఉండిరి. ఆ పెద్ద లోగిలిలో కూటికి గుడ్డకు లోటు లేదు. చేరదీసి పలుకరించు నోరు మాత్రము కరవు. తనకు సంబంధము లేని పాపమునకు తానే గురుతుగా ఆ యింట తిరుగవలసి వచ్చిన పిల్లవాడు, తరువాతి కాలములో ఎవరికిని అక్కరలేని పసిపిల్లలను చూచినప్పుడు నిలువలేకపోవుట వింత కాదు. 1903లో అన్నగారి దుర్వ్యయమువలన ఆ ఆస్తియు హరించిపోయెను. పినతండ్రి యింట చేరవలసివచ్చెను.

టొకుషిమాలో చదువుకొనుచున్న దినములలో ఇంగ్లీషు నేర్చుకొనవలెనను కోరికతో అతడు లోగన్, మయర్స్ అను ఇద్దరు అమెరికా ప్రెస్బిటేరియన్ మిషనెరీల యిండ్లకు పోవుచుండెను. భాషకొరకు పోయిన బాలునికి అక్కడ కుటుంబమనునది ఎట్లుండునో మొదటిసారి కనబడెను. 1904 ఫిబ్రవరిలో మయర్స్‌గారిచేత బాప్తిస్మము పొందెను. పట్టుమని పదునారేండ్లు కూడ లేవు. మరుసటి సంవత్సరము తాను సువార్త సేవకుడనగుదునని చెప్పగానే పినతండ్రి అతనిని యింటినుండి వెళ్ళగొట్టెను. మయర్స్ ఆదరణతో టోకియోలోని మెయిజీ గకుయిన్ అను క్రైస్తవ కళాశాలలో చేరి, గ్రంథాలయములోనే కాలము గడుపుచు, 1907లో కోబే వేదాంత కళాశాలకు మారెను. అప్పటికే క్షయ ముదిరెను. వైద్యులు ఆశ వదలుకొనిరి. గమగోరి అను సముద్రతీర గ్రామములో ఒక జాలరి గుడిసెలో నెలల తరబడి ఒంటరిగా పడియుండి, చావును ఎదురుచూచుచు, కాగితములు కొనలేక పాత పత్రికలమీద ఒక నవల వ్రాయ మొదలుపెట్టెను. చావు రాలేదు. ఎట్లును కొద్దికాలమే మిగిలియున్నదని నమ్మినవాడై, ఆ కొద్దికాలమును ఎక్కడ గడపవలెనో నిర్ణయించుకొనెను.

1909 డిసెంబరు 24, క్రిస్మసు ముందు రాత్రి, వేదాంత విద్యార్థియైన కగావా తన పుస్తకములను పక్కబట్టలను బండిమీద వేసికొని కోబేలోని షింకావా అను పేటకు కాపురమునకు పోయెను. అక్కడ సుమారు 10,000 మంది ఇరుకు సందులలో కిక్కిరిసి బ్రదుకుచుండిరి. అనేక గదులు రెండు జపాను చాపలు పరచిన నిండిపోవునంతటివి. ఆ గదిలోనే భార్యాభర్తలు, పిల్లలు, ముసలివారు. పదుల కుటుంబములకు ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి. కూలివారు, చిత్తుకాగితములు ఏరుకొనువారు, బిచ్చగాండ్రు, జూదరులు, వేశ్యలు అక్కడి జనులు. కగావాకు దొరికిన యింటిలో అంతకుముందు ఒక హత్య జరిగెను. దయ్యము తిరుగునన్న భయముచేత దానిని ఎవరును అద్దెకు తీసికొనలేదు. అందుచేతనే ఆయనకు చౌకగా దొరికెను.

మొదటి దినములలోనే ఆ గదిలో మనుష్యులు చేరిరి. ఒళ్ళంతయు గజ్జి పట్టినవాడొకడు వచ్చెను. ఆకలికి దొంగతనము చేసినవాడొకడు వచ్చెను. హత్యచేసి చెరసాలనుండి విడుదలైన యొకడు, తాను చంపినవాని దయ్యము కలలోనికి వచ్చునని వణకుచు, ప్రతి రాత్రి కగావా చేయి పట్టుకొని నిద్రించెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. కళాశాల యిచ్చు కొద్దిపాటి భృతి నలుగురికి చాలలేదు. దానికి తోడు పొగగొట్టములు శుభ్రముచేయు పని పట్టి, గంజిని పలుచచేసి అందరును త్రాగిరి. ప్రక్కన పండుకొన్న బిచ్చగానినుండి ట్రకోమా అంటుకొనెను. కనురెప్పల లోపల గరుకు కట్టి క్రమముగా చూపును హరించు ఆ జబ్బు జీవితాంతము ఆయనను విడువలేదు. డబ్బిమ్మని బెదరించిన త్రాగుబోతు కొట్టిన దెబ్బకు ముందుపళ్ళు ఊడిపోయెను.

షింకావాలో ఆయనను అన్నిటికంటె ఎక్కువగా కలచివేసినది పసిబిడ్డల వ్యాపారము. ఎక్కడనో అక్రమముగా పుట్టిన బిడ్డను కొంత సొమ్ముతో కూడ ఒకరికి అప్పగింతురు. ఆమె ఆ సొమ్ములో కొంత ఉంచుకొని తక్కినదానితో బిడ్డను మరియొకరికి దాటించును. చేతులు మారినకొలది సొమ్ము తగ్గును. చివరకు చేరిన గదిలో బిడ్డకు పలుచని గంజినీళ్ళు తప్ప మరేమియు దొరకదు. కొద్ది దినములలో ప్రాణము పోవును. చంపినవారెవరని అడిగిన చెప్పుటకు వీలులేదు. అట్టి యొక పసికందును కగావా తన గదికి తెచ్చుకొని, పాలు కలిపి పట్టుచు, రాత్రులయందు ఒడిలో పెట్టుకొని కాచెను. అవివాహితుడైన వేదాంత విద్యార్థి చంటిపిల్లతో కూర్చుండి గ్రీకు పాఠము చదువుకొను దృశ్యమును చూచి కొందరు నవ్వియుందురు. షింకావా తల్లులు నవ్వలేదు.

ఇంతవరకే అయినచో కగావా ఒక దయాళువైన భక్తుడుగా మాత్రమే గుర్తుండును. అయితే ఆయన లెక్కలు వ్రాసికొను మనుష్యుడు. ఏ యింట ఎందరు, ఎంత అద్దె, ఏ పనికి ఎంత కూలి, ఏ జబ్బుకు ఎందరు చచ్చిరి అని విచారించి వ్రాసికొనుచుండెను. 1912లో పేదలకొరకు చౌకధర అన్నశాల ఒకటి తెరచెను. తినినవారు డబ్బులియ్యలేదు, కొద్ది నెలలలోనే దానిని మూసివేయవలసివచ్చెను. ఆ ఓటమి ఆయనకు పాఠమాయెను. తాను ఒకనికి అన్నము పెట్టునంతలో ఫాక్టరీలనుండి, పొలములనుండి తరిమివేయబడిన పదిమంది ఆ సందులోనికి వచ్చి చేరుచుండిరి. దొంగలచేత కొట్టబడినవానిని సత్రమునకు మోసికొనిపోవుట సమరయుని పని. ప్రతి దినము అదే దారిలో అదే చోట మనుష్యులు కొట్టబడుచున్నప్పుడు ఆ దారిని గూర్చి ఏమి చేయవలెను? కగావా సముద్రము దాటినప్పుడు ఆయన పెట్టెలోనున్న అతి బరువైన వస్తువు ఈ ప్రశ్నయే.

1913లో ఆయన షిబా హారును వివాహమాడెను. ఆమె పుస్తకములు కుట్టు కర్మాగారములో పనిచేయు స్త్రీ. ఆయన వీధిప్రసంగములు విని విశ్వాసములోనికి వచ్చినది. వివాహానంతరము ఆమె కాపురము షింకావాలోనే. మరుసటి సంవత్సరము భర్త అమెరికాకు పోవునప్పుడు ఆమెయు ఊరకుండలేదు. యొకొహామాలోని స్త్రీల వేదాంత పాఠశాలలో చేరి మూడేండ్లు చదివెను. భర్తను విదేశమునకు పంపి కాచుకొని కూర్చున్న భార్యల కథలు మనకు అనేకము కలవు. ఇక్కడ ఇద్దరును విద్యార్థులైరి. తరువాతి నలుబది యేండ్ల పనిలో ఇద్దరి చదువును ఖర్చయ్యెను.

మయర్స్ మొదలైన మిషనెరీల సహాయముతో కగావాకు న్యూజెర్సీ రాష్ట్రములోని ప్రిన్స్టన్ వేదాంత కళాశాలలో ప్రవేశము లభించెను. అక్కడ బోధించు అంశములలో అనేకము ఆయన జపానులోనే చదివియుండెను. గనుక మిగిలిన కాలమును ప్రక్కనున్న విశ్వవిద్యాలయములో జీవశాస్త్రము నేర్చుకొనుటకు వినియోగించెను. వేదాంత విద్యార్థికి పిండోత్పత్తి శాస్త్రముతో ఏమి పని అని తోచవచ్చును. జీవమునెరుగక జీవమును కాపాడుట ఎట్లని ఆయన భావము. సెలవులలో ధనవంతుల యిండ్లయందు బల్లయొద్ద వడ్డించు పనిచేసి ఖర్చులకు సంపాదించుకొనెను. ఐశ్వర్యమును ఆ విధముగా వంటింటి ద్వారమునుండి చూచుట కూడ ఒక విద్యయే. 1916లో పట్టము పుచ్చుకొనెను.

అయితే ఆయన ప్రశ్నకు జవాబు తరగతి గదిలో దొరకలేదు. న్యూయార్కు నగరమునకు పోయి అక్కడి పేదల పేటలలో తిరుగుచుండగా, ఒక దినమున దుస్తులు కుట్టు కార్మికుల మహా ఊరేగింపు ఎదురాయెను. వేలాది స్త్రీపురుషులు జెండాలు పట్టుకొని వీధి నిండ నడచుచుండిరి. వారిలో ఎక్కువమంది యూరపునుండి వలసవచ్చిన యూదులు, ఇటలీవారు. ఆ దేశపు భాష కూడ చక్కగా రానివారు. షింకావా జనులవలెనే చీకటి గదులలో బ్రదికినవారే. అయినను వారెవరి దయకును చేయి చాపుటలేదు. ఒక్కటిగా కూడి తమ కూలిని తామే అడుగుచుండిరి. కగావా ఆ వీధి ప్రక్కన నిలిచి చూచెను. పేదలకు తాను చేయవలసిన సేవ వారికొరకు తాను పనిచేయుట మాత్రమే కాదనియు, వారు తమకొరకు తాము కూడుకొనుటకు తోడ్పడుటయనియు ఆ దినమున ఆయన గ్రహించెను. ప్రిన్స్టన్‌లో దొరికిన పట్టము గోడకు తగిలించుకొనదగినది. న్యూయార్కు వీధిలో దొరికినది కోబేకు మోసికొనిపోదగినది. షింకావాలో అయిదేండ్లు గడపకుండ అదే వీధిప్రక్కన నిలిచిన విద్యార్థికి ఆ ఊరేగింపు ఒక వేడుకగా మాత్రమే కనబడియుండును.

తిరుగు ప్రయాణమునకు డబ్బు లేదు. యూటా రాష్ట్రములోని ఆగ్డెన్‌కు పోయి, అక్కడ చక్కెరదుంప పండించు జపానీయ కౌలురైతుల మధ్య పనిచేసెను. వారిని సంఘముగా కూర్చి, వారితో మొర్మోను మతస్థులైన రైతులను కూడ కలిపి, పంటకు మెరుగైన ధర వచ్చునట్లు చేసెను. అన్యదేశములో, అన్యమతస్థులతో కలిసి, చూచిన విద్యను చేతితో చేసి పరీక్షించుకొనిన చోటు అదియే. 1917లో జపాను చేరి, హారుతో కూడ నేరుగా షింకావాకే పోయెను.

ఆయన విద్యలోని ఒక లోపమును ఇక్కడనే చెప్పుట న్యాయము. ఆయన అమెరికాలో నుండగానే 1915లో పేదల మనస్తత్వమును గూర్చిన పెద్ద గ్రంథమొకటి జపానులో ప్రచురింపబడెను. మురికివాడలో సేకరించిన వివరములతో వ్రాయబడిన అమూల్యమైన గ్రంథమది. అయితే జపానులో తరతరములుగా అంటరానివారుగా ఎంచబడిన బురకు జనులను గూర్చి, వారు వేరు జాతివారనియు, వారిలో నేరస్వభావము ఎక్కువనియు ఆనాటి జాతిసిద్ధాంతములను నమ్మి ఆయన అందులో వ్రాసెను. అవి అబద్ధములు, ఆ జనులను గాయపరచిన మాటలు. తరువాతి కాలములో జపాను క్రైస్తవ సంఘములలోనే వాటిని గూర్చి తీవ్రమైన విమర్శ జరిగెను. మాల మాదిగ పల్లెలలో పుట్టి పెరిగిన సంఘములుగల తెలుగు క్రైస్తవులకు ఈ గాయము ఎట్టిదో వేరుగా వివరింపనక్కరలేదు. పేదలతో ఒకే చాపమీద పండుకొనినవాడు కూడ, పుస్తకములలోని దొరల శాస్త్రమును పరిశోధింపక నమ్మినయెడల, తన పొరుగువానిమీదనే అబద్ధసాక్ష్యము పలుకగలడు.

1917 తరువాతి కగావా పనులను లెక్కించుటకు ఒక గ్రంథము కావలెను. నిరుద్యోగులకొరకు పెట్టిన పళ్ళబ్రష్షుల చిన్న కర్మాగారము నిలువలేదు. 1918లో బియ్యపు ధరలు మండిపోయి దేశమంతటను అల్లరులు చెలరేగెను. ఆయన కార్మిక సంఘముల నిర్మాణములో దిగెను. జాలరి గుడిసెలో మొదలుపెట్టిన నవల 1920లో, మృత్యురేఖను దాటి అను భావముగల పేరుతో వెలువడి, లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. రాబడిలో అధికభాగము కార్మికోద్యమమునకును మురికివాడ పనికిని పోయెను. 1921 వేసవిలో కోబేలోని కవసాకి, మిత్సుబిషి ఓడల కర్మాగారములలో సుమారు 30,000 మంది సమ్మె చేయగా, హింస కూడదని బోధించుచు కగావా వారి ముందు నడచెను. ప్రభుత్వము ఆయనను చెరసాలలో పెట్టెను. సమ్మె ఓడిపోయెను. ఆ తరువాత కార్మికనాయకులలో తీవ్రవాదులకు ఆయన శాంతిబోధ చప్పనయ్యెను. సంఘపెద్దలలో కొందరికి ఆయన కార్మికబోధ చేదయ్యెను. 1922లో సుగియామా మొతొజిరో అను మరియొక క్రైస్తవునితో కలిసి జపాను రైతు సంఘమును స్థాపించెను. హారు కర్మాగార స్త్రీలను మేలుకొలుపుటకు 1921లో ఒక మహిళా సంఘమును ఆరంభించెను. తాను పనిమనిషిగా, కూలిపిల్లగా గడపిన దినములను గూర్చి పుస్తకము వ్రాసెను.

అన్నిటికంటె ఎక్కువ కాలము నిలిచినది సహకారోద్యమము. 1921లో కోబే, నడ అను రెండు ప్రాంతములలో ఆయన ప్రోత్సాహముతో వినియోగదారుల సహకార సంఘములు పుట్టెను. బియ్యము, సోయా రసము, బొగ్గు మొదలైనవి దళారి లేకుండ సభ్యులే కలిసి కొని, లాభమును సభ్యులే పంచుకొను పద్ధతి. అది ఇంగ్లాండులో రాచ్‌డేల్ నేతపనివారు 1844లో నాటిన విత్తనము. కగావా దానిని యథాతథముగా తెచ్చి నాటలేదు. జపాను గృహిణి వంటింటి అవసరములనుబట్టి దిద్దుకొనెను. 1912లో మూతపడిన అన్నశాలకు ఇది తొమ్మిదేండ్ల తరువాత వచ్చిన జవాబు. ఆ రెండు సంఘములు 1962లో ఏకమై, 1991 నుండి కోప్ కోబే అను పేరుతో నడచుచున్నవి.

1923 సెప్టెంబరు 1న టోకియో ప్రాంతమును మహాభూకంపము నేలమట్టము చేయగా, కగావా వెంటనే కోబేనుండి సహాయము పోగుచేసికొనిపోయి, హోంజో పేటలో గుడారములు వేసి పనిచేసెను. ఆయన నివాసము టోకియోకు మారినది అప్పుడే. 1924 చివర మరల అమెరికాకును, అక్కడనుండి యూరపునకును బయలుదేరెను. ఇంగ్లాండులో కార్మికనాయకులను, డెన్మార్కులో సహకార సంఘములను, పల్లెటూరి యువజనులకొరకు నడచు జానపద పాఠశాలలను చూచి 1925లో తిరిగివచ్చెను. రెండేండ్లలోపల ఆ చూపు ఫలించెను. 1927లో తన యింటనే రైతు సువార్త పాఠశాలను తెరచి, పొలము పనులు లేని దినములలో రైతు యువకులను కొలదిమందిని చేర్చుకొని, బైబిలుతో పాటు సేద్యమును, సహకారమును నేర్పెను. అట్టి పాఠశాలలు తరువాత అనేక స్థలములలో వెలసెను. 1930 నుండి దేవుని రాజ్య ఉద్యమమను పేర దేశమంతట సువార్తయాత్రలు చేసెను. ఒక చేతిలో సువార్త, మరియొక చేతిలో సహకార సంఘపు లెక్కపుస్తకము పట్టుకొని తిరుగు ఈ మనిషిని ఏ గూటిలో పెట్టవలెనో ఆయన కాలపువారికి తెలియలేదు.

1935 డిసెంబరులో ఆయన అమెరికాకు పోయినప్పుడు ఒక విచిత్రము జరిగెను. కన్నులలోని ట్రకోమా కారణముగా శాన్‌ఫ్రాన్సిస్కో రేవు అధికారులు ఆయనను దేశములోనికి రానీయక నిలిపివేసిరి. షింకావా బిచ్చగాడు ఇచ్చిన జబ్బు ఇరువదియేండ్లు దాటిన తరువాత సముద్రమవతలి ద్వారము మూసెను. సంగతి అధ్యక్షుడు రూజ్వెల్ట్ వరకు పోయెను. వైద్యుల పర్యవేక్షణలో నుండవలెనను షరతుమీద ప్రవేశమిచ్చిరి. ఆ నెలాఖరున ఇండియానాపొలిస్‌లో జరిగిన విద్యార్థి స్వచ్ఛందోద్యమ మహాసభలో వేలాది విద్యార్థులు ఆయనను వినిరి. 1936లో రాచెస్టరు వేదాంత కళాశాలలో ఆయన చేసిన రౌషెన్‌బుష్ స్మారకోపన్యాసములు, సహోదరభావముపై నిలుచు ఆర్థికవ్యవస్థను గూర్చినవి, పుస్తకరూపమున వెలువడి అనేక భాషలలోనికి పోయెను. న్యూయార్కు వీధిప్రక్కన నిలిచి నేర్చుకొనిన విద్యార్థి ఇప్పుడు ఆ దేశమునకు ఉపాధ్యాయుడాయెను. కొందరు వర్తకులకు ఆ బోధ రుచింపలేదు. ఆయన సభలకు ఎదురు ప్రచారము చేసిరి.

అదే 1936లో బొంబాయిలో క్లిఫర్డ్ మాన్షార్ట్ అను అమెరికా మిషనెరీ నిర్వహణలో మన దేశపు మొదటి సంఘసేవా విద్యాలయము ఆరంభమాయెను. అది తరువాత టాటా సాంఘికశాస్త్ర సంస్థగా ప్రసిద్ధి పొందెను. దానికి ముందు ఆయన నాగ్‌పాడా పేటలో పేదల మధ్య ఏండ్ల తరబడి పొరుగువారి గృహమును నడపెను. పేటనుండి పాఠశాలకు పోవు దారి అక్కడను అదియే.

రెండేండ్ల తరువాత, 1938 డిసెంబరులో, మద్రాసు చెంత తాంబరములోని క్రైస్తవ కళాశాల ఆవరణలో జరిగిన అంతర్జాతీయ మిషనెరీ మహాసభకు కగావా వచ్చెను. 69 దేశములనుండి 471 మంది కూడిన సభ అది. మన దోర్నకల్ బిషపు అజరయ్యగారు అందు ప్రముఖులు. చైనా ప్రతినిధులును వచ్చిరి. అప్పటికి ఏడాదిన్నరగా జపాను సైన్యములు చైనాను దహించుచుండెను. ఒకే బల్లయొద్ద కూర్చుండి ప్రభువు రొట్టెను పంచుకొనవలసినవారి మధ్య నాంకింగు మృతులు నిలిచియుండిరి.

సభ ముగిసిన పిమ్మట, 1939 జనవరిలో, బార్డోలీలో కగావా గాంధీజీని దర్శించెను. యుద్ధమును గూర్చి తన స్వదేశములో తాను భిన్నమతస్థునిగా ఎంచబడుచున్నానని కగావా చెప్పుకొనెను. తానే ఆ స్థానములో నుండినయెడల ఆ భిన్నమతమును బాహాటముగా చాటి మరణమునకు సిద్ధపడుదునని గాంధీజీ బదులు చెప్పెను. సహకార సంఘములను, తక్కిన పనులన్నిటిని త్రాసులో ఒక తట్టనుంచి, దేశపు గౌరవమును రెండవ తట్టనుంచి తూచుకొమ్మని హితవు పలికెను. విదేశములలో కగావా అనేక సన్మానములు పొందెను. మన దేశములో ఆయనకు దొరికినది ఈ కఠినమైన ప్రశ్న. ఒక జీవితకాలములో కట్టిన పాఠశాలలు, వైద్యశాలలు, అంగళ్ళు, వాటిమీద ఆధారపడిన పేదలు ఒక ప్రక్క. నోరు తెరచిన అవన్నియు కూలిపోవునను భయము ఒక ప్రక్క. సేవాసంస్థలను నడపువారందరికి ఆ త్రాసు ఎప్పుడో ఒకప్పుడు ఎదురగును.

కగావా కొంత పలికెను. చైనీయులను క్షమాపణ కోరుచు వ్రాసిన వ్రాతలవలన 1940 ఆగస్టులో మిలిటరీ పోలీసులు ఆయనను నిర్బంధించి కొన్ని దినములు చెరలో నుంచిరి. 1941లో జపాను క్రైస్తవ ప్రతినిధులతో కూడ అమెరికాకు పోయి యుద్ధము రాకుండ ప్రయాసపడెను. ఆ డిసెంబరులో యుద్ధము వచ్చెను. పోలీసుల విచారణలు సాగెను. యుద్ధపు చివరి దినములలో ఆ కంఠమే రేడియోలో అమెరికాను నిందించెను. పట్టణములమీద కురియుచున్న బాంబులను చూచి గుండె మండి పలికెననువారు కలరు. బెదరింపునకు లొంగెననువారు కలరు. ఏదియైనను, దేశముల హద్దులు దాటిన స్నేహముకొరకు అంతగా పాటుపడినవాడు ఆ ఘడియలో తన దేశప్రభుత్వపు పక్షమున మాటలాడెననుట సత్యము. ఆయనను ప్రేమించు చరిత్రకారులు ఈ పుటను తొందరగా త్రిప్పివేయుట మంచిది కాదు.

యుద్ధానంతరము ఆకలిగొన్న దేశములో ఆయన మరల పనికి పూనుకొనెను. 1951లో జపాను వినియోగదారుల సహకార సమాఖ్య ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడాయెను. హృదయము, మూత్రపిండములు బలహీనపడినను, కన్నులు దాదాపు మూసికొనిపోయినను, భూతద్దము పట్టుకొని చదువుచు, సువార్తయాత్రలు మానలేదు. 1959 జనవరిలో తాను అనాథబాలుడుగా పెరిగిన షికోకు ద్వీపమునకు ప్రసంగములకొరకు పోవుచు, తకమత్సు పట్టణములో కుప్పకూలెను. కొన్నాళ్ళు అక్కడి వైద్యశాలలో నుండి టోకియోకు చేరి, 1960 ఏప్రిల్ 23న తన యింట, 71 ఏండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించెను. ఆయన స్థాపించిన సేవాసంస్థల భారమును హారు వహించెను. షింకావాలో భర్తతో కాపురము మొదలుపెట్టిన ఆ కర్మాగార స్త్రీ ఆ తరువాత ఇంకను ఇరువదిరెండేండ్లు జీవించి, 1982లో, 94 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.